ఉలవల చప్పుడు

ఇంకా మార్చి నెలే. షువైఖ్‌లో మా గ్యారేజీ షట్టరు
సగం ఎత్తేసరికే ఎండ మోకాళ్ళ దాకా వచ్చేసింది.
దాని వెనకే వీరనారప్ప,
కఫీలు వాళ్ళ తెల్లబండిలో.
ఇంజను ఆపకుండా దిగి, డోరు వెయ్యకుండానే
"అన్నా, కింద ఎవురో ఉలవలు ఇసురుతాండారు" అన్నాడు.

నవ్వినా. తర్వాత అడగాల్సినవి అడిగినా.
ఎప్పటినుంచి?
శుక్రవారం నుంచి.
బ్రేకు తొక్కితేనా?
తొక్కినా, తొక్కకున్నా.
స్పీడు పెంచితే?
అదీ పెరుగుతాది.
రివర్సులో?
తల గోక్కున్నాడు. "ఎనక్కి పొయ్యేటప్పుడు
గోడ సూసుకుంటాం గానీ, ఎవురింటారన్నా?"

ఇంతకుముందే ఒకచోట చూపించినాడంట.
ప్యాడ్లు మార్చి ఇరవై రెండు దినార్లు తీసుకున్నారు.
చప్పుడు మాత్రం వాళ్ళు తీసుకోలేదు.
నీ మొరటు తోలుడుకే ఇట్లయిందని
మేడమ్ జీతంలో పట్టుకుందంట.
తీసేసిన ప్యాడ్లు సీటు కింద
పాత తువ్వాలలో చుట్టి దాచుకున్నాడు.
విప్పి చూసినా.
ఇంకో ఏడాది నడిచేవి.
ఆ మాట అతనికి చెప్పలేదు.

ఇద్దరం నాలుగో రింగురోడ్డు ఎక్కినాం.
ఏసీ ఆపమన్నా, రేడియో ఆపమన్నా,
చివరికి అతన్నీ ఆపమన్నా.
అరవై దాటినాక తెలిసింది,
నిద్రలో పిల్లోడు పండ్లు కొరికినట్టు.
ఎడమకి కోసినా. అంతే.
కుడికి కోసినా. అంతే.
బేరింగయితే బరువు పడినప్పుడు మూలుగుతుంది.
దీనికి బరువుతో పనిలేదు.

నా ఎడమ చెవి పోయి తొమ్మిదేండ్లు.
అహ్మదీలో జనరేటరు పక్కన
రెండు ఎండాకాలాలు పనిచేసినా, అవి తినేసినాయి.
అప్పటినుంచి చేత్తో వింటా.
కుడి ముందు చక్రం జాకీతో లేపి
స్ప్రింగు మీద అరచెయ్యి పెట్టి, "తిప్పు నారప్పా" అన్నా.
బేరింగు చెడిపోతే ఇనుములో చీమలు పాకతాయి.
పాకలేదు.
పొడుగు స్క్రూడ్రైవరు మొన లోపల ఆనించి
పిడిని దవడకి ఆనించుకున్నా.
కండ్లు మూసుకుంటే అప్పుడు దొరికింది,
సన్నగా, తెంపు లేకుండా,
ఎముకలో నుంచి పుర్రెలోకి.

చక్రం ఊడదీసినా.
డిస్కు వెనకాల దుమ్ముకు అడ్డంగా పలచని రేకు ఒకటి ఉంటుంది.
ఆ రేకుకీ డిస్కుకీ నడుమ
శనగ్గింజంత రాయి.
డిస్కు మీద అది గీసిన గీత
గుండ్రంగా, వెండి మొలతాడు మాదిరి.

"శుక్రవారం యాడికి పొయినారు?"
"ఎడారిలో గుడారాలకాడికి.
పిల్లోల్లు ఇసకలో గిర్రున తిప్పమన్నారు.
నేనొద్దంటి. మేడమే తిప్పమనింది."

రేకు అంచు వేలితో ఇంత వంచినా. రాయి రాలింది.
నేలన పడిన చప్పుడు అతనికి వినపడింది, నాకు లేదు.
తీసి, ఎండకెత్తి, తిప్పి తిప్పి చూసి
"ఇరవై రెండు దినార్లు" అని
ఆ రాయికే చెప్పినాడు.
జేబులో వేసుకున్నాడు, మేడమ్‌కి చూపిస్తాడంట.
చూస్తే మంచిదే.

మా ముదీరు ఏ బండినీ ఊరికే పోనియ్యడు.
బిల్లు పుస్తకంలో రాయికి గడి లేదు.
తనిఖీ, మూడు దినార్లు, అని రాసినా.
వీరనారప్ప ఆ అంకెను చాలాసేపు చదివినాడు.
"పాత ప్యాడ్లు నాకియ్యి" అన్నా.
"మూడు దినార్లిస్తా. నాకు పనికొస్తాయి."
అది అబద్ధం కాదు.
నిజం కూడా పూర్తిగా కాదు.

పొయ్యేటప్పుడు రివర్సులో
అద్దం దించి, తల బయటపెట్టి విన్నాడు.
"ఏం లేదన్నా! ఏమీ లేదు!" అని అరిచినాడు.
చెయ్యి ఊపినా.

షట్టరు ఇంకో మూర దించి
తువ్వాలతో చేతులు తుడుచుకుంటా నిలబడితే
లోపల అది ఆడతానే ఉంది,
తొమ్మిదేండ్ల కింద ఆపేసిన అహ్మదీ జనరేటరు.
జాకీ యాడ పెట్టాల్నో తెలీదు.
దానికి డీజిలు ఎవురు పోస్తాండారో.